ఓడలో దీపం

ఆ ఏడు ఎలక్షన్లు వచ్చాయి. తాండూరు బజారంతా జెండాలు, మైకులు, జీపుల దుమ్ము. మా కందిపప్పు మిల్లులో ఆడవాళ్లు కూడా రెండు పార్టీలుగా చీలిపోయారు. కాకపోతే ఆ కొట్లాట ఓట్ల గురించి కాదు. ప్రభాకరం అనే మనిషి బతికి వచ్చాడా లేదా అన్నదాని గురించి. ఆ ప్రభాకరం మా ఊరివాడు కాదు. ఏ ఊరివాడూ కాదు. వారపత్రికలో వచ్చే సీరియల్లో మనిషి.

ఆ సీరియల్ రాసినాయన పేరు ఎప్పుడో మర్చిపోయాను. ఆ కంది సీజను మాత్రం మర్చిపోలేదు. సీజను మొదలైనప్పుడు మా ఇంట్లో ఇద్దరం ఉండేవాళ్లం, నేనూ మా అత్త భీమమ్మా. అయిపోయేసరికి ఆమె ఒక ఊళ్లో, నేనొక ఊళ్లో ఉన్నాం.

మిల్లులో మా పని పప్పు చెరగడం, రాళ్లు ఏరడం. మధ్యాహ్నం బువ్వ తిన్నాక ఇంజను చల్లారాలని కాసేపు ఆపేవారు. చెవుల్లో హోరు తగ్గగానే గోవిందమ్మ పత్రిక విప్పేది. ఆమె వికారాబాద్ మిషన్ బడిలో చదువుకున్న మనిషి. పెళ్లయి తాండూరు వచ్చాక మాతోపాటే చాట పట్టింది. చదువుతూ కూర్చుంటే ఆమె పని ఆగిపోతుంది గనక మేమొక కట్టు పెట్టుకున్నాం. విన్నవాళ్లంతా తలా ఒక దోసెడు ఏరిన పప్పు ఆమె చాటలో పోయాలి. కథ జోరుగా నడిచిన వారం దోసెళ్లు నిండుగా పడేవి. ప్రభాకరం భార్య సుమతి ఉత్తగా ఏడ్చిన వారం పలచబడేవి.

“రాసెటోనికి గూడ గిట్లనే కూలి ఇయ్యాలె. అప్పుడు తెలుస్తది,” అనేది మొగులమ్మ. మా అందరిలో నోరు ఆమెది.

సీరియల్ పేరు ‘ఎర్రచుక్క దారి’. ప్రభాకరం ఇనుప ఓడలో కూర్చుని ఆకాశంలోకి, ఒక ఎర్రచుక్క మీదికి పోతాడు. ఇక్కడ సుమతి ఎదురుచూస్తూ ఉంటుంది. పత్రిక ముందు షావుకారు ఇంటికి వచ్చేది. షావుకారు భార్య చదివాక గుమాస్తా పాండురంగానికి చేరేది. ఆయన చదివాక మాకు. మా చేతికి వచ్చేసరికి దాని మీద ఆవకాయ నూనె మరకలుండేవి. ఆ వారం వాళ్లింట్లో ఏం వండారో కూడా తెలిసిపోయేది.

అందరికంటే ముందుకు జరిగి కూర్చునేది మా అత్త. మిగతా కథలకు చెవి కూడా పెట్టేది కాదు. ఆమె కొడుకు జంగప్ప నా మొగుడు. రైలు పట్టాల పనికని ఒక మేస్త్రీ వెంట బొంబాయి దిక్కు పోయాడు. వాడి అనే ఊరి జంక్షన్లో బండి మారుతుండగా చూశామని ఎవరో చెప్పారు. తర్వాత ఇంకెవరూ ఏమీ చెప్పలేదు. అప్పటికి ఏళ్లు గడిచాయి. పెళ్లిళ్లలో బొట్టు పెట్టడానికి వచ్చిన ఆడవాళ్లు నా ముందు ఆగిపోయేవాళ్లు. కుంకుమ భరిణె పట్టుకుని ఇటు చూసి అటు చూసి, ఎవరో పిలిచినట్టు పక్కకు వెళ్లేవాళ్లు. నాకు కోపం రాలేదు. ముండమోసినదాన్నో, ముత్తైదువనో, ఏదో ఒకటి అనిపించుకుంటే చాలనుకునేదాన్ని. అది కూడా గట్టిగా అనుకున్నట్టు గుర్తు లేదు.

*

సంక్రాంతి దాటాక అనంతయ్య మిల్లుకు రావడం మొదలుపెట్టాడు. వికారాబాద్‌లో గుట్ట మీద క్షయ దవాఖాన ఉంది కదా, అక్కడ వంటమనిషి. పేషెంట్లకు కావలసిన కందిపప్పు తీసుకుపోవడానికి రైల్లో వచ్చేవాడు. వచ్చీరాగానే ఒక పలుకు పంటి కింద వేసి కొరికేవాడు. తల ఊపితే సంచి ఎత్తాలి. ఊపకపోతే పాండురంగం ఎంత చెప్పినా ఎత్తడు.

దవాఖానకు పత్రిక నేరుగా వచ్చేది. వార్డులో ఎవరో చదువుతుంటే విని వచ్చేవాడు. అంటే కథలో మాకంటే ఒక వారం ముందుండేవాడు.

“ఏమాయె అనంతయ్యా, ఓడ చుక్క మీద దిగిందా?” అని మొగులమ్మ అడిగేది.

“గోవిందమ్మ సదువుతది గద. ఇనుండ్రి.”

“జర చెప్పరాదు. నీ సొమ్మేం పోతది?”

“నేను చెప్తె మీ మజా పోతది,” అని సంచి కుట్టుకునేవాడు. ఎంత బతిమాలినా ఒక్కసారి కూడా చెప్పలేదు.

అతని భార్య చనిపోయి మూడో ఏడు. బుగ్గమ్మ అని మాతో పప్పు ఏరే ఆవిడ అతనికి పినతల్లి వరస. ఒకరోజు నా పక్కన కూర్చుని, చాటలోంచి తలెత్తకుండానే అడిగింది.

“భాగమ్మా, మా అనంతయ్య నీ గురించి అడుగుతుండు. ఉడికికి ఒప్పుకుంటవా?”

మా కులంలో మారుమనువును ఉడికి అంటారు.

“అత్తను అడుగు,” అన్నాను.

“నిన్ను అడుగుతున్న.”

“అత్తను అడుగు,” అనే అన్నాను మళ్లీ. నా గొంతు నాకే వేరేవాళ్ల గొంతులా వినిపించింది.

ఆ ఆదివారం కులపెద్ద మొగులప్ప మా ఇంటికొచ్చాడు. నులక మంచం మీద కూర్చుని చుట్ట ముట్టించాడు. మా అత్త గడపలో కూర్చుంది. నేను లోపల రొట్టెల పిండి పిసుకుతున్నాను.

“భీమక్కా, నీకు తెల్వని కట్టు కాదు,” అన్నాడు. “మొగడు సచ్చినదానికే ఉడికి. సచ్చిండో లేదో తెల్వకుంటే మొగని తల్లి చెప్పాలె. కులపోళ్ల ముందల ‘నా కొడుకు లేడు’ అని నోటితోని అనాలె. కోడలి మెడల పుస్తె నీ చేత్తోని తియ్యాలె. గట్లయితేనే అయితది. లేకుంటే ఎవ్వడు ఏం జేసినా కాదు.”

“నా కొడుకు ఉన్నడు,” అంది మా అత్త.

“యాడున్నడు?”

“యాడనో ఉన్నడు. లేడని నువ్వు జూసినవా?”

“సూడలే.”

“మరి నన్నెట్ల అనుమంటవు?”

మొగులప్ప చుట్ట పీల్చాడు. “అనంతయ్య మంచి మనిషంటున్రు. ఉగాది దాక సూస్తడంట. దాటితే వాళ్లక్క బంట్వారంల వేరే సంబంధం ఒప్పుకుంటది. పిల్లను జూడు. వయసుల ఉన్నది. నువ్వు పోయినంక దానికెవలు?”

“నా కొడుకు వస్తడు,” అంది. లేచి లోపలికి వచ్చి, నా చేతిలోంచి పిండి ముద్ద లాక్కుని తనే రొట్టె తట్టడం మొదలుపెట్టింది. ఆ పూట రొట్టెలన్నీ ఒక పక్క మాడాయి. ఇద్దరం అవే తిన్నాం.

*

ఫిబ్రవరి ఎండలు ముదురుతుండగా సీరియల్ ఆఖరి భాగం వచ్చింది. పత్రిక ఇచ్చిన పాండురంగం తన గదికి వెళ్లకుండా గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. గోవిందమ్మ గొంతు సవరించుకుంది. అప్పటికి ప్రభాకరం పోయి కథలో మూడేళ్లయింది. అందరూ ఆశ వదులుకున్నాక ఓడ ఆకాశంలో కనబడింది. ఊరు ఊరంతా మైదానానికి పరుగెత్తింది.

“‘ఓడ బీడు నేల మీద దిగింది. దుమ్ము అణిగింది. గుండ్రటి కిటికీలో దీపం వెలుగుతోంది. సుమతి అందరికంటే ముందు నిలబడింది. ఓడ తలుపు నెమ్మదిగా తెరుచుకుంది. సుమతి ఒక్క అడుగు ముందుకు వేసింది. సమాప్తం.’”

గోవిందమ్మ పేజీ తిప్పింది. వెనక తలనొప్పి మాత్రల బొమ్మ ఉంది.

“సదువు,” అంది మా అత్త.

“అయిపోయింది పెద్దమ్మా.”

“ఎట్లయిపోతది? తలుపు తెరుసుకున్నది గద. ఎవలు దిగిండ్రు?”

“రాయలే.”

“జర మంచిగ చూడు. నూనెకు కాయితాలు అంటుకున్నయేమో.”

గోవిందమ్మ పేజీలు విడదీసి చూపించింది. మొగులమ్మ అందుకుంది. “షావుకారు పెండ్లాం చింపుకున్నదేమో. ఆమెకు అన్నిట్ల మీగడ కావాలె.”

“లేదమ్మా,” అన్నాడు పాండురంగం. “నేను రెండు పార్లు చదివిన. గంతే రాసిండు.”

అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆ రోజు గోవిందమ్మ చాటలో దోసెడు పప్పు పోయాలని ఎవరికీ గుర్తు రాలేదు.

పాండురంగం లెక్క మనిషి. వేళ్లు మడిచి చెప్పాడు. “ముందుగాలనే రాసిండు. ఓడల పెట్టిన గాలి ఏడాదికే సరిపోతది. వచ్చింది మూడేండ్లకు. ఇంకేం మనిషి, ఇంకేం బతుకుడు? ఓడ మిషను గనుక దానంతట అదే వచ్చింది.”

“మనిషి లేకుంటే ఓడ ఎట్లొస్తది సారు?” అంది గోవిందమ్మ.

దానికి జవాబు మొగులమ్మ చెప్పింది. నవ్వకుండా చెప్పింది. “వస్తది. మా నాయిన పెద్దేముల్ అంగడి నుంచి వస్తూ బండిలనే పాణం ఇడిసిండు. ఎద్దులు ఇంటి ముందల తెచ్చి నిలబెట్టినయి. మేము పండుకున్నడనే అనుకున్నం.”

“రష్యావోళ్లు కుక్కను పంపిండ్రు,” అన్నాడు పాండురంగం ఉత్సాహంగా. “కుక్క మళ్ల రాలే.”

“పోయినేడు మనిషిని పంపిండ్రు. ఆయన వచ్చిండు గద,” అంది గోవిందమ్మ.

“కుక్కకు నోరు లేదు. మనిషైతే దారి అడుక్కుంట వస్తడు,” అని మొగులమ్మ మళ్లీ తన ధోరణిలో పడింది.

బుగ్గమ్మకు ఇంకో అనుమానం. దిగినవాడు ప్రభాకరం కాదట. ఎర్రచుక్క వాడెవడో అతని వేషం వేసుకుని వచ్చాడట.

“సంపాయించి పెడతడా? పెడితె ఏ చుక్కోడైతే ఏంది, ఉంచుకోమను,” అంది మొగులమ్మ.

షెడ్డంతా నవ్వింది. మా అత్త నవ్వలేదు. చెయ్యెత్తింది.

“బావిల మనిషి దిగుతానికి ముందుగాల ఏం దింపుతరు?”

“కందిలి,” అన్నారు ఇద్దరు ముగ్గురు.

“కందిలి ఆరిపోతే?”

“దిగరు. లోపల గాలి లేనట్టు.”

“ఎలిగితే?”

“దిగుతరు.”

“మరి గా కిటికిల దీపం ఎలుగుతున్నదని రాసిండా, లేదా? సదువు పిల్లా.”

గోవిందమ్మ చదివింది. రాసి ఉంది.

“దీపం ఎలుగుతున్నదంటె గాలి ఉన్నట్టు. గాలి ఉంటె మనిషి ఉన్నట్టు,” అని మా అత్త చాట ముందుకు లాక్కుంది. నా వైపు చూడలేదు. మిగతావాళ్లంతా చూశారు.

“అది కరెంటు దీపం పెద్దమ్మా. దానికి గాలితోని పని లేదు,” అన్నాడు పాండురంగం.

“దీపమంటె దీపమే. గాలి లేంది ఎలిగే దీపం నీ ఇంట్ల ఉన్నదా?”

ఆయన చెప్పబోయాడు. ఆడవాళ్లు ఆయన్ని మాట్లాడనియ్యలేదు. కందిలి సంగతి మా అందరికీ తెలుసు. బావి పూడికలు తీసిన ఇళ్లల్లో పుట్టినవాళ్లం. బల్బు సంగతి ఎవరికి తెలుసు? మిల్లుకంతా కలిపి ఆఫీసు గదిలో ఒక్కటే ఉండేది. మా తూకాలు బయటే అయ్యేవి.

ఆ రోజు నుంచి షెడ్డులో దీపం పార్టీ, లెక్క పార్టీ అయ్యాయి. దీపం పార్టీకి మా అత్త పెద్ద. లెక్క పార్టీకి పాండురంగం. మొగులమ్మ పొద్దున ఒకటి, మాపు ఒకటి. ఏరుతున్నంతసేపూ వాదన. ఇంజను నడుస్తుంటే అరుచుకుంటూ వాదన. ప్రభాకరం బతికి ఉన్నాడని ఒకరంటే, జంగప్ప బతికి ఉన్నాడని నాకు వినబడేది. లేడని ఇంకొకరంటే అది కూడా వినబడేది. పప్పులోంచి రాయి తీసి పక్కన వేసేదాన్ని. మళ్లీ తీసి వేసేదాన్ని. నువ్వేమంటవని ఒక్కరూ నన్ను అడగలేదు. అడిగితే ఏమనేదాన్నో నాకూ తెలియదు.

*

పాండురంగం అందరి తరఫునా పత్రికకు కార్డు రాశాడు. కొన్ని వారాలకు జవాబులు వేసే చోట ఒక్క వాక్యం వేశారు. ‘ముగింపును పాఠకుల ఊహకే వదిలేశాం.’

“మన ఊహకైతే గాయన ఎందుకు రాసినట్టు?” అంది మొగులమ్మ. “వంట మనమే జేసుకుంటె పెండ్లికి పిలుసుడెందుకు?”

ఆ రోజే అనంతయ్య వచ్చాడు. ఆఖరి భాగం తర్వాత అతను రావడం అదే మొదటిసారి. అందరూ చుట్టుముట్టారు. దవాఖానలో ఏమనుకుంటున్నారని అడిగారు.

“ఆడ మీకంటె లొల్లి ఎక్కువున్నది. డాక్టరమ్మ వచ్చి కసిరిపోయింది,” అన్నాడు. “ఒక్కటి మాత్రం సూసిన. మంచిగై రేపో మాపో ఇంటికి పోయెటోళ్లంత ప్రభాకరం సచ్చిండంటున్రు. ఊపిరి సాలక మంచాల మీద ఉన్నోళ్లంత దిగిండంటున్రు.”

మా అత్త అతని ముఖం వైపు చూసింది. అతనెందుకు వస్తున్నాడో ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని అతనికీ తెలుసు.

“నువ్వేమంటవు?” అంది.

అతను సంచి మూతి పట్టుకుని కొంచెం ఆలోచించాడు. “దిగిండో లేదో నాకెట్ల తెలుస్తది అవ్వా? నాకైతే గామె గురించే ఫికరైంది. పొద్దటి సంది ఎండల నిలబడ్డది గద. ఎవలన్న ఇన్ని మంచినీళ్లు ఇచ్చిండ్రా, లేదా? గది రాయనే లేదు.”

సంచి భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. నేను తలెత్తలేదు. నా చాటలో రాళ్లు అయిపోయాయి. అయినా వేళ్లు కదుపుతూనే ఉన్నాను.

*

ఉగాదికి ఇంక వారం రోజులుందనగా అకాల వాన పట్టుకుంది. పట్టపగలే షెడ్డు చీకటైపోయింది. పప్పుకూ రాయికీ తేడా తెలియడం లేదని పని ఆపించారు. బయట తడుస్తుందని తూకం ఆఫీసు గదిలో పెట్టారు. మా అత్తా నేనూ మా పప్పు ఎత్తుకుని లోపలికి వెళ్లాం.

గది నడిమధ్య బల్బు వెలుగుతోంది. మా అత్త సంచి కిందపెట్టి దాని కింద నిలబడింది. పాండురంగం రాళ్లు మార్చి తూకం చూశాడు. ఆమె తూకం చూడలేదు.

“సారు, దీంట్ల నూనె యాడ పోస్తరు?”

“నూనె ఉండదు పెద్దమ్మా. తీగ మీద కరెంటొస్తది.”

“గాలి యాడికెల్లి పోతది లోపలికి?”

“పోదు. లోపల గాలి తీసేసి మూత పెట్టిండ్రు. గాలి తగిలిందంటె లోపలి తీగ మాడిపోతది.”

“గాలి తగిలితే ఆరిపోతదా?”

“ఆ.”

“గాలి లేకుంటే ఎలుగుతది.”

“ఆ.”

ఆమె కొంచెంసేపు అలాగే చూసింది. “ఒకపారి ఆర్పు,” అంది.

పాండురంగం లేచి మీట నొక్కాడు. గది నల్లబడింది. బయట వాన చప్పుడు పెద్దగా వినిపించింది.

“ముట్టించు.”

వెలిగించాడు. వాదనలో గెలిచిన మనిషి ముఖం కాదు ఆయనది. మీట మీది చెయ్యి తీయకుండానే, “పెద్దమ్మా, అది కథ గద,” అన్నాడు.

“కథేనయ్యా. నేను కాదన్ననా?” అని ఖాళీ సంచి దులిపి మడత పెట్టుకుంది.

ఇంటికి తడుస్తూనే నడిచాం. పొయ్యి ముట్టించాక, తడి కట్టెలు ఊదుతూ మా అత్త అడిగింది.

“అనంతయ్య తాగుతడా?”

“తెల్వదు.”

“తూకంల మోసం జేస్తడా?”

“చెయ్యడు.”

“గట్టిగ మాట్లాడుతడా?”

“తెల్వదు.”

“అన్ని తెల్వదంటవు. ఎట్ల బతుకుతవే నువ్వు?” అంది. పొగకు కళ్లు తుడుచుకుంది. “రేపు మొగులప్పను రమ్మను. కాదు, మనమే పోదాం.”

*

మొగులప్ప వాకిట్లో సాయంత్రం ఎండ ఇంకా ఉంది. కులపోళ్లు గోడ పొడుగునా కూర్చున్నారు. అనంతయ్య, బుగ్గమ్మ ఒక పక్క నిలబడ్డారు. మా అత్త మధ్యలోకి వచ్చి కొంగు నిండుగా కప్పుకుంది.

“చెప్పు భీమక్కా. అందరికి ఇనబడాలె,” అన్నాడు మొగులప్ప.

“నా కొడుకు జంగప్ప లేడు,” అంది.

గొంతు వణకలేదు. మిల్లులో ఇంజను మీదుగా అరిచి అరిచి అలవాటైన గొంతు. వీధి చివరిదాకా వినపడి ఉంటుంది. ఎవరో ముసలాయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

తర్వాత నా వెనక్కి వచ్చింది. పుస్తెలతాడు ముడి చెమటకూ పసుపుకూ రాయిలా బిగుసుకుపోయి ఉంది. గోళ్లతో ప్రయత్నించింది. రాలేదు. కత్తి ఇవ్వనా అని మొగులప్ప అడిగాడు. వద్దంది. వంగి, ముడిని పళ్లతో పట్టి లాగింది. నా మెడ మీద ఆమె ఊపిరి వేడిగా తగిలింది. ముడి ఊడేదాకా తగులుతూనే ఉంది. నాకు గుర్తున్నది అదొక్కటే. దుఃఖం వచ్చిందా అని తర్వాత గోవిందమ్మ అడిగింది. రాలేదని చెప్పాను. సంతోషం వచ్చిందా అని అడగలేదు. అడిగినా అదే చెప్పేదాన్ని.

ఉగాది ముందురోజు ఉడికి అయింది. కొత్త చీర మా అత్తే తెచ్చింది. స్టేషన్‌కు మాత్రం రాలేదు. మిల్లులో పని ఉందంది. ఆ రోజు మిల్లుకు సెలవు.

*

వికారాబాద్‌లో మా గది గుట్ట కింద, దవాఖాన పనివాళ్ల వరసలో ఉండేది. అనంతయ్య గట్టిగా మాట్లాడేవాడు కాదు. తాగేవాడు కాదు. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేవాడు. వండేది నేనే అయినా ఉప్పు అతనే చూసేవాడు. నన్ను నవ్వించాలని చూసేవాడు కాదు. అందుకు బాగుండేది. వరసలోని ఆడవాళ్లు పేరంటానికి పిలిచి, తడుముకోకుండా నాకు బొట్టు పెట్టారు. అద్దంలో చూసుకుంటే ఎవరో మర్యాదస్తురాలు కనబడింది. ఆమెను చూసి అద్దం గోడకు తగిలించాను.

వానాకాలం మొదట్లో ఒకరోజు అనంతయ్య తాండూరు వెళ్లి వచ్చాడు. నేను ఎసరు పెట్టాను. కాళ్లు కడుక్కుని గడపలో కూర్చున్నాడు.

“అత్త కలిసిందా?” అని అడిగాను.

“కలిసింది. మంచిగనే ఉన్నది. మళ్ల పంచాయితి తీసింది.”

“ఏం పంచాయితి?”

“ప్రభాకరందే. దిగిండు అంటున్నది.”

బియ్యం చాట నా చేతిలోనే ఉంది. “దీపం సంగతి ఆమె కండ్లతోనే చూసింది గద.”

“దీపం ఇడిసిపెట్టింది. ఇప్పుడు తలుపు పట్టుకున్నది. గోవిందమ్మతోని ఆ ఆఖరి ముక్క మళ్ల సదివించుకున్నదంట. తలుపు నెమ్మదిగ తెరుసుకున్నదని రాసి ఉన్నది గద. మిషనైతే దబ్బున తెరుస్తది, మనిషి చెయ్యే నెమ్మదిగ తెరుస్తది అంటది. మూడేండ్లు కూసున్న మనిషికి చేతుల బలముంటదా, గందుకే నెమ్మదిగ తెరిసిండు అంటది.”

“పాండురంగం సారు ఏమన్నడు?”

“ఏమంటడు? తూకం రాళ్లు సర్దుకున్నడు.”

“మొగులమ్మ?”

“ఆళ్లంత కొత్త సీరియల్ల పడ్డరు. ఏందో బంగళాల ఖూనీ అంట. దీపం పార్టీ లేదు, ఏం లేదు. ఆమె ఒక్కతే అంటది. ఎవలు ఇన్నా ఇనకున్నా అంటది. మొన్నయితే ఇంజను నడుస్తుంటే గూడ అన్నదంట.”

ఎసరు పొంగి పొయ్యిలో పడింది. చెంగుతో గిన్నె పట్టి పక్కకు జరిపాను. మొగులప్ప వాకిట్లో మా అత్త నిలబడ్డ తీరు గుర్తొచ్చింది. ఆ మాట అందరికీ వినబడేలా అంది. వణక్కుండా అంది. వినేవాళ్లు నమ్మాలి గనక అలా అంది. తను నమ్మితే అంత గట్టిగా అనేది కాదు. ఏరిన పప్పులో ఒక్క రాయి కనబడినా చాట మొత్తం మళ్లీ ఏరే మనిషి, కులం ముందు నిలబడి అబద్ధమాడింది. అది జంగప్ప కోసం ఆడింది కాదు.

బియ్యం పోశాను. మూత పెట్టాను. చేతులు తడిగా ఉన్నాయి. తుడుచుకున్నాను. మళ్లీ తడిగానే ఉన్నాయి. అప్పుడు చూసుకుంటే చెంపలు కూడా తడిగా ఉన్నాయి. అనంతయ్య చూశాడు.

“నేను తాండూరు పోయొస్త,” అన్నాను.

“ఏమన్న తెచ్చేదున్నదా? నేను మళ్ల పోత గద.”

“తెచ్చేది లేదు. ఆమె దిక్కు మాట్లాడెటోళ్లు ఎవ్వరు లేరంటివి.”

నేనేమంటున్నానో అతనికి అర్థమైంది. జంగప్ప ఉన్నాడన్న పార్టీలోకి నేను పోతానంటున్నాను, అతని ఇంట్లో, అతని గడపలో నిలబడి. అతను చాలాసేపు గుట్ట వైపు చూశాడు. పైన వార్డుల్లో దీపాలు పెడుతున్నారు.

“పొద్దుగాల బండి ఉన్నది,” అన్నాడు. “నేనొచ్చి ఎక్కిస్త.”